అమెరికా విద్యార్థి వేతన పరీక్ష: మార్కుల కొలత కథ



ఈ సాయంకాలము నేను మీకు చెప్పదలచినది సముద్రముల కావలనున్న దేశపు పరీక్షను గూర్చిన కథ. ఆ దేశపు పరీక్షతో మనకేమి పని యని మీలో కొందరు తలపవచ్చును. కాని నేడు మన గ్రామములలో కొడుకో, కూతురో, మనుమడో అమెరికాలో నున్న యిండ్లు అనేకములు గలవు. ఆ పిల్లల మార్కులు టెలిఫోను ద్వారమున మన యరుగుల మీదికి వచ్చుచున్నవి. తెలియని కొలతను బట్టి మనము పొంగిపోవుచున్నాము. తెలియని కొలతను బట్టియే క్రుంగిపోవుచున్నాము. నేనును అట్టి పొరపాటొకటి చేసితిని. దానిని మీ యెదుట ఒప్పుకొని కథ మొదలిడుదును.

నా మనుమరాలు న్యూజెర్సీ రాష్ట్రములో చదువుకొనినది. పదునొకండవ తరగతిలో నుండగా, 2023 సంవత్సరము అక్టోబరు నెలలో, పీ.ఎస్.ఏ.టి. యను పరీక్ష వ్రాసినది. అది కళాశాల ప్రవేశపరీక్షకు ముందుగా వ్రాయు అభ్యాసపరీక్ష. అయినను అందులోని మార్కులను బట్టియే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ అను గొప్ప విద్యార్థి వేతనమునకు పిల్లలను ఎంచుదురు. మా పిల్లకు గణితములో 760కి 760, భాషలో 720, వెరసి 1520కి 1480 వచ్చినవి. నేను ఊరెల్ల చెప్పుకొంటిని. మఱుసటి సెప్టెంబరులో సెమీఫైనలిస్టుల జాబితా వెలువడెను. అందు మా పిల్ల పేరు లేదు. ఆమె ప్రక్కను కూర్చుండు స్నేహితురాలికిని సరిగా 1480 మార్కులే, ఆమె పేరున్నది. మా పొరుగూరి మిత్రుని మనుమడు వెస్టు వర్జీనియా రాష్ట్రములో నున్నాడు. వానికి వచ్చినవి 1430 మాత్రమే. వాని పేరును ఉన్నది.

నాకు కోపము వచ్చెను. టెలిఫోనులో ఆ పిల్లను పట్టుకొని, "ఏబది మార్కులు తక్కువ వచ్చినవానికి దొరకినది నీకెందుకు దొరకలేదు? నీవేదో దాచుచున్నావు" అంటిని. ఆ పిల్ల కొంతసేపు మాటాడలేదు. "ఆ లెక్క వేఱు, తాతయ్యా!" అని మాత్రము చెప్పి, ఫోను తల్లి చేతికిచ్చి వెడలిపోయినది. నేను ముప్పది యేండ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పినవాడను. లెక్క వేఱన్న మాట నన్ను నిద్రపోనీయలేదు. ఆ వేఱు లెక్క యేమో, అది యెట్లు పుట్టెనో తెలిసికొనుటకై చదువసాగితిని. చదివినదానిని మీతో పంచుకొనుచున్నాను.

పందొమ్మిదవ శతాబ్దము తుదివఱకును అమెరికాలో ఒక్కొక్క కళాశాల తన ప్రవేశపరీక్షను తానే పెట్టుకొనెడిది. ఒకచోట కోరిన గ్రంథము మఱియొకచోట కోరరు. ఈ చిక్కును తీర్చుటకై 1900 సంవత్సరములో కొన్ని కళాశాలలు కూడి కాలేజ్ బోర్డు అను సంఘమును స్థాపించెను. 1901 జూనులో ఆ సంఘము మొదటి పరీక్షలు నడపెను. వ్రాసినవారు 973 మంది. అవి మన పాత పరీక్షలవంటివే: లాటిను, గ్రీకు, ఆంగ్లము, చరిత్ర, గణితము మొదలగు విషయములలో ప్రశ్నకు సమాధానమును సొంత వాక్యములలో వ్రాయవలెను. పండితులు ఒకచోట కూడి ఆ కాగితములను చదివి మార్కులు వేసిరి. మార్కులు వేసిన మీలోని పంతుళ్ళకు ఆ పని యెంత కష్టమో తెలియును. ఉదయము దిద్దిన కాగితమునకు ఇచ్చిన మార్కు, అలసిన సాయంకాలము అదే కాగితమునకు ఇత్తుమన్న నమ్మకము లేదు.

తరువాత మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. 1917లో అమెరికా యుద్ధమున ప్రవేశించి, లక్షలకొలది సైనికులను త్వరగా ఏఱి యెవరినెక్కడ నియమింపవలెనో నిర్ణయింపవలసి వచ్చెను. అప్పుడు మనశ్శాస్త్రజ్ఞులు చిన్న చిన్న ప్రశ్నలతో, ఇచ్చిన సమాధానములలో ఒకదానిని గుర్తించు పరీక్షలను కూర్చిరి. ఆ పనిలో పాల్గొన్నవారిలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు కార్ల్ బ్రిగ్‌హామ్ ఒకడు. ఆ మార్గముననే ఆయన కళాశాలల కొఱకు ఒక పరీక్ష తయారుచేసెను. దానినే ఎస్.ఏ.టి. యందురు. 1926 జూను 23వ తేదీన 8,040 మంది దానిని మొదటిసారి వ్రాసిరి. ప్రశ్నలు 315, కాలము 97 నిమిషములు మాత్రమే.

ఈ బ్రిగ్‌హామ్ కథలో మనము మఱువరాని సంగతి యొకటి కలదు. 1923లో ఆయన ఒక గ్రంథము వ్రాసి, సైన్యపు మార్కులను బట్టి కొన్ని జాతులు పుట్టుకతోనే తెలివిగలవనియు, కొన్ని తక్కువవనియు వాదించెను. 1930లో ఆయనయే ఆ మాట తప్పని, ఆ లెక్కలకు పునాది లేదని ప్రకటించెను. ఇంగ్లీషు రాని యింట పెరిగిన పిల్లవానిని ఇంగ్లీషు ప్రశ్నలతో కొలిచి, వానికి తెలివి లేదనుట యెట్లు న్యాయమగును? కొలబద్దను చేసినవాడే దాని హద్దును ఒప్పుకొనెను. నేను నా మనుమరాలితో మాటాడిన నాడు ఈ సంగతి నాకు తెలిసియుండిన బాగుండెడిది.

ఇక విద్యార్థి వేతనముల సంగతి. 1933లో జేమ్స్ బ్రయంట్ కోనంట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు హార్వర్డు విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడయ్యెను. అప్పటికి ఆ విద్యాలయములో తూర్పుతీరపు ధనవంతుల కుమారులే మెండు. దూరపు రాష్ట్రములలోని చిన్న ఊళ్ళ బడులలో చదివిన, డబ్బులేని తెలివిగల పిల్లలను వెదకి తెచ్చి వేతనమిచ్చి చదివింపవలెనని కోనంట్ సంకల్పించెను. కాని ఊరు పేరు తెలియని బడిలోని మొదటివాడును, పేరుపొందిన బడిలోని పదవవాడును ఎదురుపడినచో ఎవనిని ఎంచవలెను? ఇద్దరికిని సమానమైన కొలత యొకటి కావలెను. దానిని కనుగొనుమని ఆయన హెన్రీ చౌన్సీ యను తన సహాయకుని నియమించెను. చౌన్సీ బ్రిగ్‌హామ్‌ను కలిసికొని, ఎస్.ఏ.టి.ని ఎన్నుకొనెను. ఈ విధముగా పరీక్షకును వేతనమునకును ముడి పడెను.

అయినను వేలకొలది కాగితములను చేతితో దిద్దుట సాధ్యము కాదు. మిచిగన్ రాష్ట్రపు బడిపంతులైన రేనాల్డ్ జాన్సన్ దానికి ఉపాయము కనిపెట్టెను. పెన్సిలు గీతలోని గ్రాఫైటు విద్యుత్తును ప్రసరింపజేయును గదా. సరియైన గడిలో పెన్సిలు గీత యున్నచో విద్యుత్తు ప్రవహించి యంత్రము దానిని లెక్కించును. ఐ.బి.ఎం. సంస్థ ఆ పంతులును తనలో చేర్చుకొని, 1938లో ఆ యంత్రమును విక్రయింపసాగెను. పంతులు ప్రాణమునకు హాయి కలిగించిన యంత్రమును పంతులే కనిపెట్టుట నాకు చాల సంతోషము కలిగించినది. 1947లో పరీక్షలను నడపుటకై ప్రత్యేక సంస్థ ఏర్పడెను. చౌన్సీయే దానికి మొదటి అధ్యక్షుడయ్యెను.

1955లో ఫోర్డు ఫౌండేషను, కార్నెగీ కార్పొరేషను అను ధర్మసంస్థల ధనముతో నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ కార్పొరేషను స్థాపింపబడెను. ఒక్క విశ్వవిద్యాలయమునకు గాక దేశమంతటికిని ఒకే విద్యార్థి వేతన పోటీ యుండవలెనని దాని యాశయము. 1956లో మొదటి జట్టున 555 మంది వేతనములు పొందిరి. పీ.ఎస్.ఏ.టి. 1959లో వేఱుగా ఆరంభమయ్యెను. 1971లో ఈ రెండును కలిసి, పీ.ఎస్.ఏ.టి.యే వేతనమునకు తొలిమెట్టుగా మాఱెను. అనగా అభ్యాసమునకని పెట్టిన పరీక్షయే పోటీ పరీక్షయు నయ్యెను.

ఇప్పుడు మార్కుల లెక్కకు వత్తము. మన బడులలో నూఱు ప్రశ్నలలో ఎనుబది సరియైనచో ఎనుబది మార్కులు. అచట అట్లు కాదు. సరియైన సమాధానములనుండి మొదట ఒక పచ్చి లెక్క తీయుదురు. ఒకనాటి ప్రశ్నలు మఱియొకనాటి ప్రశ్నలకంటె కొంచెము కఠినముగా నుండవచ్చును. కావున ఆ పచ్చి లెక్కను కాఠిన్యమునకు తగినట్లు సరిచేసి, ఒక స్థిరమైన కొలతలోనికి మార్చుదురు. మీకు పాత కొలతలు జ్ఞాపకమే గదా! ఒక ఊరి కుంచము మఱియొక ఊరి కుంచముతో సరిపడెడిది కాదు. ధాన్యము అమ్మువాడు ఏ ఊరి కుంచమో చెప్పనిచో బేరము కుదరదు. 1956లో మన దేశమున తూనికల చట్టము వచ్చి, క్రమముగా కిలోగ్రాము, లీటరు నెలకొన్నవి. ఈ పరీక్షలో మార్పిడియు అట్టిదే: వేఱువేఱు నాళ్ళ కుంచములను ఒకే లీటరులోనికి మార్చుట.

ఆ మార్పిడి చేసిన పిదప, నేటి పద్ధతిలో భాషకు 160 నుండి 760 వఱకు, గణితమునకును 160 నుండి 760 వఱకు మార్కులుండును. వెరసి 320 నుండి 1520 వఱకు. దీనినే పిల్లలు మనకు ఫోనులో చెప్పుదురు. కాని వేతనపు సంస్థ చూచునది ఈ మొత్తమును కాదు. ఎంపిక సంఖ్య యని వేఱొకటి కలదు. ఇందే నా మనుమరాలు చెప్పిన వేఱు లెక్క యున్నది.

ఆ సంఖ్యను కట్టు విధము వినుడు. భాషా మార్కును రెట్టింపు చేయవలెను. దానికి గణితపు మార్కును కలుపవలెను. వచ్చినదానిని పదితో భాగింపవలెను. మా పిల్లకు భాషలో 720. రెట్టింపు చేసిన 1440. గణితపు 760 కలిపిన 2200. పదితో భాగించిన 220. ఆమె స్నేహితురాలికి భాషలో 760, గణితములో 720. రెట్టింపు చేసిన 1520. 720 కలిపిన 2240. పదితో భాగించిన 224. మొత్తము ఇద్దరికిని 1480 అయినను, ఎంపిక సంఖ్యలో నాలుగు అంకెల యెడము వచ్చెను. అత్యధికముగా రాగల సంఖ్య 228. నేను ముప్పది యేండ్లు లెక్కలు చెప్పియు ఈ చిన్న గుణకారము నెఱుగక పిల్లను దోషిని జేసితిని.

భాషకు ఈ రెట్టింపు ఎందుకని మీరడుగవచ్చును. దానికిని చరిత్ర కలదు. 1997కు ముందు చిరకాలము పరీక్షలో భాషాభాగము, గణితభాగము అను రెండే యుండెడివి. అప్పుడును భాషను రెట్టించి గణితమును కలిపెడివారు. అయినను పరీక్ష వ్రాయువారిలో సగమునకు మించి ఆడుపిల్లలుండగా, సెమీఫైనలిస్టులలో సగమునకు తక్కువగా నుండిరి. 1994లో ఇది న్యాయము కాదని ప్రభుత్వపు విద్యాశాఖకు ఫిర్యాదు చేయబడెను. తరువాత రాజీ కుదిరి, 1997 అక్టోబరునుండి వ్రాతనైపుణ్యమను మూడవ భాగమును చేర్చిరి. మూడు భాగములకును ఒక్కొక్కటికి 20 నుండి 80 వఱకు మార్కులు. కావున ఎంపిక సంఖ్య 60 నుండి 240 వఱకు నుండెను.

ఆ కాలమున తప్పు సమాధానమునకు పావు మార్కు కోత యుండెడిది. అయిదు సమాధానములలో ఒకటి సరియైనది గావున, గ్రుడ్డిగా గుర్తించువానికి అయిదింట ఒకటి తగులును, నాలుగు తప్పును; నాలుగు పావులు పోగా ఆ వచ్చిన యొకటియు పోవును. లెక్క సరి. 2015 అక్టోబరులో ఆ కోతను తీసివేసిరి. ఇప్పుడు తెలియని ప్రశ్నకైనను ఏదో యొకటి గుర్తించుటయే మేలు. ఆనాడే 1520 కొలతయు, 228 సంఖ్యయు వచ్చినవి. 2023 అక్టోబరునుండి కాగితము పోయి కంప్యూటరు వచ్చెను. భాషలో 54, గణితములో 44, మొత్తము 98 ప్రశ్నలు. కాలము రెండు గంటల పదునాలుగు నిమిషములు. ఒక్కొక్క విషయము రెండు ఖండములుగా నుండును. మొదటి ఖండములో బాగుగా వ్రాసినవానికి రెండవ ఖండములో కఠినమైన ప్రశ్నలు వచ్చును. కావున ఇద్దరు పిల్లలు, "నాకిన్ని సరియైనవి, నీకెన్ని?" యని పోల్చుకొనుటకును ఇప్పుడు వీలు లేదు.

స్నేహితురాలి సంగతి తేలినది. మఱి వెస్టు వర్జీనియా పిల్లవాని సంగతి యేమి? వానికి భాషలో 720, గణితములో 710. ఎంపిక సంఖ్య 215. మా పిల్లకంటె అయిదు తక్కువ. అయినను వాని పేరు జాబితాలో నున్నది. దీనికి కారణమిది. సెమీఫైనలిస్టుల స్థానములను దేశమంతటికిని ఒకే గీత గీసి పంచరు. ప్రతి రాష్ట్రములోను ఆ యేడు ఉన్నత పాఠశాల చదువు ముగించు పిల్లల సంఖ్యను బట్టి ఆ రాష్ట్రమునకు కొన్ని స్థానములు కేటాయింతురు. ఆ రాష్ట్రపు పిల్లలలో పైనుండి లెక్కించుచు ఆ స్థానములు నిండినచోట గీత గీయుదురు. చదువుకొన్న కుటుంబములు, శిక్షణశాలలు మెండుగా గల న్యూజెర్సీ, మసాచుసెట్సు రాష్ట్రములలో ఆ గీత 220 దాటియుండుట ఇటీవలి పరిపాటి. వెస్టు వర్జీనియాలో అది 210 చేరువను ఉండును. మా పిల్ల 220తో న్యూజెర్సీ గీతకు దిగువ నిలిచినది. ఆ పిల్లవాడు 215తో తన రాష్ట్రపు గీతకు ఎగువ నిలిచెను.

ఇది అన్యాయమా? మొదట నేనట్లే అనుకొంటిని. తరువాత కోనంట్ తలంపు జ్ఞాపకము వచ్చెను. దూరపు ఊళ్ళ పిల్లలను వెదకుటకే గదా ఈ వేతనములు పుట్టినవి! ఒకే గీత గీసినచో ధనిక నగరముల పిల్లలే స్థానములన్నిటిని నింపివేయుదురు. కాలువ మొదటనున్న పొలము నీరంతయు త్రాగి చివరి పొలము ఎండకుండ వంతులు పెట్టుట మన రైతులకు తెలియని న్యాయము కాదు. అయినను వంతు తప్పిన రైతు మనస్సు నొచ్చుకొనుటయు నిజమే. ఏ పంపకములోనైనను ఒక న్యాయము నిలుపబోయిన మఱియొకరికి కొఱత కలుగును. ఆ కొఱత పొందినవారు చేతగానివారు కారు.

సంఖ్యలను కూడ వినుడు. ఏటేట సుమారు 13 లక్షల మంది పదునొకండవ తరగతి పిల్లలు ఈ పోటీలో చేరుచున్నారు. వారిలో పైనున్న 50,000 మందిని సంస్థ గుర్తించును. అందు 16,000 మందికి పైగా సెమీఫైనలిస్టులు. మిగిలిన 34,000 మందికి ప్రశంసాపత్రము వచ్చును. ఈ ప్రశంసాపత్రమునకు మాత్రము రాష్ట్రభేదము లేదు. దేశమంతటికిని ఒకే గీత. సెమీఫైనలిస్టులైనవారు ఆ తరువాత వ్యాసము వ్రాసి, బడి మార్కులను చూపి, ప్రధానోపాధ్యాయుని సిఫారసు తెచ్చి, ఎస్.ఏ.టి. గాని ఏ.సి.టి. గాని వ్రాసి తమ మార్కును స్థిరపఱుపవలెను. 15,000 మందికి పైగా ఫైనలిస్టులగుదురు. తుదకు వేతనము పొందువారు సుమారు 7,000 మంది. సంస్థ తానుగా ఇచ్చు వేతనము 2,500 డాలర్లు, ఒక్కసారి మాత్రమే. కొన్ని వేతనములు వ్యాపారసంస్థలు, కొన్ని కళాశాలలు ఇచ్చును.

ఈ లెక్క చదువుచుండగా నాకు ఒక మాట జ్ఞాపకము వచ్చి సిగ్గు కలిగెను. జాబితా వెలువడిన దినములలోనే మా కోడలు, "అమ్మాయికి ప్రశంసాపత్రము వచ్చినది, మామయ్యగారూ!" అని చెప్పినది. నేను, "కాగితము ఎవరికి కావలెను?" అని కొట్టివేసితిని. పదమూడు లక్షల మందిలో ఏబది వేలమందికి మాత్రమే వచ్చు గుర్తింపు అది. ఇరువదియాఱుగురిలో ఒకరికి వచ్చునది. దానిని నేను కాగితమని తీసిపాఱవైచితిని.

మఱునాడు ఉదయము నేనే ఆ పిల్లకు ఫోను చేసితిని. పలక ముందు పెట్టుకొని, "720ని రెట్టించి, 760 కలిపి, పదితో భాగించినాను. 220 వచ్చినది. సరియేనా, అమ్మా?" అని అడిగితిని. ఆమె నవ్వినది. "సరియే, తాతయ్యా!" అన్నది. "తప్పు లెక్క నాది" అంటిని. ఆ ప్రశంసాపత్రపు నకలు తెప్పించుకొని చట్రములో బిగించి మా వసారాలో వ్రేలాడదీసితిని. వచ్చినవారు చూచి అడుగుచుందురు. నేను వారికి ఈ లెక్క చెప్పుచుందును.

పెద్దలారా! ఈ కథవలన నేను గ్రహించినది చిన్న సంగతియే. 1926నుండి నేటివఱకు ఈ కొలబద్దను ఎన్నిసార్లు మార్చిరో మీరు వింటిరి. కోత యుండెను, పోయెను. రెండు భాగములు మూడయ్యెను, మఱల రెండయ్యెను. 240 పోయి 228 వచ్చెను. కొలబద్ద మనుష్యులు చేసినది. న్యాయముకొఱకు వెదకుచు వారే దానిని దిద్దుకొనుచున్నారు. బిడ్డలు మాత్రము అట్లు మాఱు సంఖ్యలు కారు. కావున దూరదేశమునుండి మార్కుల వార్త వచ్చినపుడు, మొదట అది యే కుంచముతో కొలిచినదో అడుగుడు. తెలిసినచో లెక్క వేయుడు. తెలియనిచో, "భోజనము చేసితివా, అమ్మా?" అని యడుగుడు. ఆ ప్రశ్నకు ఏ రాష్ట్రములోనైనను ఒకటే విలువ.

ఇక సెలవు.